రాట్నం దగ్గర విన్న మాట

ఒక్క మాట చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, ఎవరి మీదా నింద వేయలేదు. తల వంచుకుని నిలబడ్డాను, అంతే. అలా నిలబడడం వల్ల ఒక మనిషికి ఏం పోతుందో నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. మొన్న వానలు పట్టే ముందు అమలాపురంలో మా డాబా మీద నీళ్ళు దిగుతున్న చోట టార్పాలిన్ పట్టా కప్పి కడుతున్నాను. నైలాను తాడు చాలలేదు. అటక మీద ఎప్పటిదో కొబ్బరి తాడు చుట్ట కనబడితే దాన్ని తీశాను. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. తడిసిన కొబ్బరి పీచుకు ఒక వాసన ఉంటుంది. అందులో కాలువ నీళ్ళు, కుళ్ళిన కొబ్బరి డొక్క, ఎండాకులు అన్నీ కలిసి ఉంటాయి. ఆ గరుకు నా అరచేతిలోంచి జారుతుంటే పెదవులు వాటంతట అవే కదిలాయి. "నువ్వున్నావు... నేనున్నాను..." మెట్ల మీద నిలబడి చూస్తున్న నా భార్య "ఎవరితోనండీ మాటలు?" అంది. ఆ తాడునే చేతిలో తిప్పుతూ వానలో నిలబడ్డాను.

ఆ మాటలు సువార్తమ్మ గారివి. రాజోలు దగ్గర మా ఊళ్ళో, కాలువ గట్టున కొబ్బరి తోటలో ఆవిడ తాళ్ళు పేనించేది. భర్త పోయాక ఆ పని ఆవిడే నడుపుకుంది. ఆవిడ పేరు ఎత్తితే మా క్రైస్తవ సంఘంలో ఈనాటికీ కొందరు నవ్వుతారు. "జపం సువార్తమ్మ" అంటారు. ఈ మధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ఇప్పుడు మా ఊరి మందిరంలో ఆరాధన నడిపించే జాన్‌బాబు అన్నాడు కదా, "మా చిన్నప్పుడు సండే స్కూల్లో ఒకావిడ మాకు మంత్రాలు నేర్పేదండీ, వెనక్కి నడుస్తూ!" బంతిలో అందరూ నవ్వారు. అతనిలో చెడ్డతనం లేదు, ఇంట్లో పెద్దలు అనగా విన్నది చెప్పాడు. నేను పప్పు కలుపుకుంటూ, నవ్వినట్టే ముఖం పెట్టాను. ఇంటికి వచ్చాక ఆ ముఖం నాకే గుర్తొచ్చి అన్నం సహించలేదు. ఆవిడను ఎన్నడూ చూడనివాళ్ళ కోసం, చూసి కూడా నవ్వేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక నాకు చాలాకాలం ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో ఖాళీగా తిరుగుతుంటే మా అమ్మ, "సువార్తమ్మ దగ్గర రాట్నం తిప్పే మనిషి మానేశాడంట, వెళ్ళు" అంది. నామోషీగానే వెళ్ళాను. ఆవిడ తోట మధ్యలో నిలబడి, పీచు చిక్కు విదిలిస్తూ నన్ను పైనుంచి కిందకి చూసింది. బక్కపలచటి మనిషి, నడుముకు బిగించిన చీర కొంగు, జుట్టు నిండా పీచు ముక్కలు.

"రాట్నం ఏ వైపు తిప్పాలో డిగ్రీలో చెప్పేరా?" అంది.

"చెప్పలేదండీ."

"ఆయ్! అయితే ఇంకా పాడవలేదు. కూర్చో."

తాడు పేనడం చూడనివాళ్ళకు చెబుతాను. ఒక చివర రాట్నం, దాని ముందు తిరిగే కొక్కెం. పేనే మనిషి ఒడిలో పీచు పోసుకుని, కాస్త పీచు కొక్కేనికి తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. కొక్కెం తిరుగుతున్నకొద్దీ పీచు పురి తిరుగుతుంది, ఆవిడ వేళ్ళ మధ్య నుంచి పేట, అంటే తాడులో ఒక పోగు, సాగుతుంది. వెళ్ళే దారి ఆవిడకు కనబడదు. కళ్ళు రాట్నం మీదే ఉంటాయి. అలా తోట చివర చెట్టు దాకా వెళ్ళి, పేట ముడివేసి, మళ్ళీ మామూలుగా నడిచి వస్తుంది. నేను రాట్నం దగ్గర కూర్చుని, ఆవిడ నా ఎదుటి నుంచి నన్నే చూస్తూ దూరమైపోవడం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసేవాణ్ణి. కొబ్బరాకుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడేది. ఆవిడ ఒక వెలుగులోంచి ఒక నీడలోకి, మళ్ళీ వెలుగులోకి జారిపోతుండేది. కాలువలో నీళ్ళు పారుతున్నట్టు కూడా తెలిసేది కాదు. కిర్రు కిర్రుమనే రాట్నం చప్పుడొక్కటే ఉండేది. కొంతసేపటికి ఆ చప్పుడు బయటి నుంచి వస్తోందో, నాలోంచి వస్తోందో తెలిసేది కాదు. ఇప్పటికీ నా కలల్లో ఆవిడ ముఖం అలా వెనక్కి వెనక్కి వెళ్తూనే ఉంటుంది గాని కనుమరుగు కాదు.

మొదటి రోజు నుంచీ గమనించాను, కొక్కేనికి పీచు తగిలించేటప్పుడు ఆవిడ "ప్రభువా" అనేది. మెల్లగా, పక్కన ఉన్న మనిషిని పిలిచినట్టు. ఆ తరువాత ఒక అడుగుకు "నువ్వున్నావు", ఇంకో అడుగుకు "నేనున్నాను". అలా తోట పొడుగునా. చివర చెట్టు దగ్గర ముడివేసేటప్పుడు పెదవులు మరోసారి కదిలేవి. అక్కడ "ఆమేన్" అంటుందని తరువాత తెలిసింది. అంటే ఒక్కో పేట ఒక్కో ప్రార్థన. గట్టు మీద పోయేవాళ్ళకు మధ్య ముక్కే వినపడేది. పిలుపు వినపడేది రాట్నం దగ్గర కూర్చున్నవాడికి మాత్రమే. ఈ సంగతి చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

"అత్తయ్యా, ఏంటండీ ఎప్పుడూ అదే అంటారు?" అని ఒకనాడు అడిగాను.

"నీతో మీ అమ్మ రాజోలు సంతకి నడిచొస్తందనుకో. దారి పొడుగునా ఉపన్యాసం ఇస్తావా? మధ్య మధ్యలో 'ఉన్నావా' అంటావు. 'ఉన్నాన్రా' అంటది. ఇదీ అంతే."

"మందిరంలో చేసే ప్రార్థన చాలదాండీ?"

"ఆదివారం గంటన్నర కూర్చుంటే ఆయన గంటన్నరే ఉంటాడా? మిగతా వారం ఈ పీచు దగ్గర నాతో ఎవరుంటారు?"

నిజానికి ఆవిడకు మందిరంలో ప్రార్థన చేయడం రాదు. స్త్రీల కూడికలో లేచి నిలబడితే రెండు ముక్కలు అని కూర్చునేది. మిగతావాళ్ళు కళ్ళనీళ్ళతో గుక్క తిప్పుకోకుండా ప్రార్థించేవారు. ఈవిడ ప్రార్థన మొదలైందనుకునేలోపు అయిపోయేది. పైగా కోపిష్ఠి. ఒకసారి పక్క తోట గేదె తెంచుకొచ్చి, ఎండబెట్టిన తాళ్ళన్నీ కాళ్ళకు చుట్టుకుని కాలువలోకి దిగింది. సువార్తమ్మ గారు దాన్నీ, దాని యజమానినీ, అతని ఇంటి పేరు మొత్తాన్నీ కలిపి తిట్టింది. తిట్టి తిట్టి ఆయాసంతో కొక్కెం దగ్గరికి వచ్చి పీచు తగిలిస్తూ, "ప్రభువా, ఇదీ విన్నావు కదా" అంది. ఒక్క క్షణం ఆగి, "సర్లే" అని వెనక్కి నడక మొదలుపెట్టింది. ఆ "సర్లే" ఎవరన్నారో, ఆవిడా, ఆయనా, నాకిప్పటికీ తేలలేదు.

పని అలవాటయ్యాక నాకూ అలా అని చూడాలనిపించింది. రాట్నం తిప్పుతూ లోలోపల ఆ మాటలే అనుకునేవాణ్ణి. నాలుగు చుట్లు తిరిగేసరికి మనసు రాజోలు సినిమా హాలు దగ్గర ఉండేది. లాక్కొస్తే మళ్ళీ ఉద్యోగం దిగులు మీదికి పోయేది. విసుగొచ్చి ఆవిడతో చెప్పాను. అప్పుడు కోతలైన చేలలో బాతుల మంద మేస్తోంది. ఒకే ఒక మనిషి, పొడుగాటి కర్రతో గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఆణ్ణి చూడు," అంది. "ఒక్కో బాతునీ పట్టుకుని తన్నుకుంటన్నాడా?"

"లేదండీ."

"కర్ర కాస్త అటు వంచుతాడు, కాస్త ఇటు వంచుతాడు. పోయినవి వస్తాయి. ఇంకోటి పోద్ది, అదీ వస్తది. పొద్దస్తమానం అదే పని. బాతు పోయిందని ఏడుస్తా కూర్చుంటే మంద మొత్తం గోదాట్లో ఉంటది. మనసు పోయిందని తెలిసిందా? 'నువ్వున్నావు' అను. వచ్చేసినట్టే. తిట్టకు దాన్ని."

ఆ రోజుల తరువాత నా బతుకులో ఏదో మెత్తబడింది. కాలువలో స్నానం చేస్తున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, ఉద్యోగం రాలేదని తెలిసి పోస్టాఫీసు నుంచి నడిచి వస్తున్నా, ఆ రెండు మాటలు అడుగుల్లో కలిసిపోయేవి. దేవుడు నాకు అప్పటిదాకా ఆదివారం తెల్లచొక్కాతో పాటు తీసే వస్తువు. ఆ తోటలో మాత్రం ఆయన కొబ్బరాకుల నీడలా మీద పడుతూ ఉండేవాడు. బరువు ఉండేది కాదు, చల్లదనం తెలిసేది. ఇది నాకు ఆవిడ ఇచ్చింది. ప్రసంగాల్లో దొరకలేదు.

ఆదివారాలు ఆవిడ చిన్నపిల్లలకు సండే స్కూలు చెప్పేది. ఆవిడ వారం పొడుగునా ఎదురుచూసేది దానికే. బొమ్మల అట్టలు కొన్ని, ఒక ఇత్తడి గంట ఉండేవి. పిల్లలకు ఒక తాడు ఇచ్చి, చివర ఒకడిని నిలబెట్టి, మిగతావాళ్ళను ఆ పిల్లాణ్ణే చూస్తూ వెనక్కి నడవమనేది. అడుగుకో మాట. "ప్రభువా" అని మొదలు, "ఆమేన్" అని చివర. పిల్లలు దొర్లిపడి నవ్వేవారు. పిల్లలకు ఆ మధ్య మాటలే బాగా నచ్చి నోళ్ళలో నిలిచిపోయాయి. సంఘ పెద్ద రత్నం గారి మనవడు, అదే ఇప్పటి జాన్‌బాబు, ఇంట్లో కూడా "నువ్వున్నావు, నేనున్నాను" అంటూ వెనక్కి నడిచి నడిచి, కాగుతున్న పాలకుండకు తగిలాడు. దెబ్బ తగల్లేదు గాని పాలన్నీ పొయ్యిలో పడ్డాయి. వాళ్ళ నాయనమ్మ "ఈ జపాలు ఎవరు నేర్పేర్రా నీకు?" అని అడిగింది. ఆ మాట పాల వాసనకంటే ముందు వీధిలోకి వచ్చింది.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు చిన్నవాడు, మంచివాడు, పెద్దల ముఖాలు చూసి మాట్లాడే రోజులు అతనివి. పెద్దలు అతన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సువార్తమ్మ గారు చాపలు మడుస్తుంటే పిలిచారు.

"అమ్మా, పిల్లలకి ఏం నేర్పుతున్నారండీ?"

"నేను చేసుకునేదేనండీ."

రత్నం గారు అందుకున్నారు. "గట్టు మీద పోతా నేనూ విన్నాను సువార్తమ్మా. ఒకే ముక్క, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. దాన్ని జపం కాక ఏమంటారు? మన తాతలు వదిలేసి వచ్చినదాన్ని నువ్వు పిల్లల నోట్లో పెడతావా? అందులో ప్రభువు పేరన్నా ఉందా?"

"పిలవకుండా ఎవరితోనన్నా మాటాడతామాండీ? పిలిచే మొదలెడతాను. పిల్లలకీ అలాగే చెప్పేను."

"పాలు ఒలకబోసినోడి నోట్లో ఆ పేరు లేదమ్మా. నువ్వు పిలవడం ఎవరు విన్నారు?"

ఆవిడ చుట్టూ చూసింది. నన్ను చూడగానే ముఖం తేటపడింది. "మా ఆనందు విన్నాడండీ. రాట్నం దగ్గర కూర్చునేది వాడే కదా."

అయ్యగారు నా వైపు తిరిగారు. "ఏం తమ్ముడూ, విన్నావా?"

అంతకు ముందు వారమే నన్ను యువజనుల నాయకుడిగా పెట్టారు. నా స్నేహితులు కిటికీ అవతల వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు బస్సులో నా పెదవులు కదలడం చూసి, "ఏంట్రా గొణుగుతున్నావు, నీక్కూడా పట్టిందా?" అని అప్పటికే ఆటపట్టించాడు. విన్నానంటే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. నువ్వూ అంటావా? అంతే నా భయం. పెద్ద భయం కూడా కాదు, నవ్వుతారని. నా గొంతులో "విన్నానండీ" అన్న మాట తయారుగా ఉంది. నేను తల వంచుకున్నాను. గచ్చు మీద చీమల బారు పోతోంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను.

రత్నం గారే నా మీద జాలిపడ్డారు. "రాట్నం చప్పుడులో వాడికేం వినపడుద్దిలెండి. పోనియ్యండి" అన్నారు. ఆ జాలిని నేను తీసుకున్నాను.

సువార్తమ్మ గారు వాదించలేదు. లోపలికి వెళ్ళి బొమ్మల అట్టలూ గంటా తెచ్చి అయ్యగారి ముందు పెట్టింది. "గంట నాలిక వదులైందండీ. బిగించి కట్టించండి, పిల్లల మీద ఊడిపడుద్ది" అని చెప్పి, మడవగా మిగిలిన చాపలు మడవడానికి వెళ్ళింది.

మర్నాడు పనికి వెళ్ళాను. ఆవిడ ఒడిలో పీచు పోసుకుని వచ్చి కొక్కేనికి తగిలించింది. నేను చెవులు రిక్కించాను. పెదవులు మూసుకునే ఉన్నాయి. "తిప్పు" అంది. వెనక్కి నడుస్తూ వెళ్ళింది, వెలుగులోంచి నీడలోకి, నీడలోంచి వెలుగులోకి. కళ్ళు ఎప్పటిలాగే రాట్నం మీద ఉన్నాయి. పేట ఎప్పటిలాగే సమంగా సాగింది, కాబట్టి లోపల ఆ మాటలు నడుస్తూనే ఉన్నాయని నాకు తెలుసు. నా చెవులకు మాత్రం అవి మళ్ళీ దొరకలేదు. నేను అక్కడ పని చేసినంత కాలం ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. గేదెను అంతలా తిట్టిన మనిషి నన్ను తిట్టలేదు. ఆదివారాలు పిల్లలు కొత్త టీచరుతో చెట్టు కిందికి వెళ్తుంటే, ఆవిడ వెనకాల వరసలో కూర్చుని వాళ్ళు వెళ్ళినవైపే చూసేది. ఒకరిద్దరు పిల్లలు ఆవిడను చూడగానే వెనక్కి నడిచేవారు. తల్లులు రెక్క పట్టుకుని ముందుకు తిప్పేవారు.

అమలాపురంలో బడిలో గుమాస్తా ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు, "వెళ్ళు నాయనా. బాతులు జాగ్రత్త" అంది. అంతే.

జాగ్రత్తగానే చూసుకున్నాను. కోపంగా వచ్చిన తల్లిదండ్రులకు సమాధానం చెప్పేటప్పుడు, నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వరండాలో, పిల్లల్ని బడికి దింపి వచ్చే దారిలో, అన్నిచోట్లా ఆ మాటలే కర్ర అయ్యాయి. అయితే ఒక సంగతి. "నువ్వున్నావు" అన్నది తేలిగ్గా వచ్చేది. "నేనున్నాను" అనబోతే వరండా గచ్చు, చీమల బారు కనబడేవి. ఉండవలసిన చోట నేను లేను. ఆ రెండో మాట చాలా ఏళ్ళు నా నోట్లో అరువు మాటలాగే ఉండిపోయింది.

పట్టా కట్టిన మర్నాడే మా ఊరు బయలుదేరాను. ఇప్పుడు తాళ్ళు మోటారు మీద పేనుతున్నారు. తోటలో రాట్నం లేదు. సువార్తమ్మ గారు చెల్లెలి కూతురి ఇంట్లో, అరుగు మీద మడత మంచంలో కూర్చుని ఉంది. చెవులు దాదాపు పోయాయి. చేతులు ఒడిలో ఊరికే ఉండలేక, లేని పీచును వేళ్ళ మధ్య తిప్పుతున్నాయి. దగ్గరికి వంగి పేరు చెప్పాను.

"ఏ ఆనందు? డిగ్రీ ఆనందా? తల పండిపోయిందేంట్రా!"

నేను చెప్పడానికి వచ్చింది చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆ రోజు విన్నానని, చెప్పలేదని. ఆవిడ వేళ్ళు తిప్పడం ఆపి కాలువ వైపు చూసింది.

"కోపం వచ్చిందాండీ?"

"రాదా మరి? నిన్ను కాలవలో తొయ్యాలన్నంత వచ్చింది. చాన్నాళ్ళు ప్రార్థనలో నీ పేరు ఎత్తలేదు. పంతం పట్టేను."

"తర్వాతండీ?"

"తర్వాత బాతు తిరిగొచ్చింది" అని నోట్లో పళ్ళు లేకుండా నవ్వింది. నేను కాళ్ళు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. "నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చేవా? అది ప్రార్థనని నాకు తెలీదా, ఆయనకి తెలీదా? తెలీనోళ్ళు మందిరంలో ఉన్నారు. వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఈ సారి తల ఎత్తి చెప్పు."

ఆదివారం మందిరానికి వెళ్ళాను. ఇప్పుడు టైల్స్ వేశారు, మైకు ఉంది. రత్నం గారు లేరు, పోయి చాలాకాలమైంది. ఆరాధన జాన్‌బాబు నడిపిస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో సువార్తమ్మ గారిని తెచ్చి కూర్చోబెట్టారు. ముందు చాపల మీద చిన్నపిల్లలు. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని జాన్‌బాబు అడిగినప్పుడు లేచాను. కొక్కెం దగ్గర వినపడిన పిలుపు గురించి, అడుగుల గురించి, వరండా గురించి చెప్పాను. నన్ను ఆ రోజు అడిగారని, నా మౌనం వల్లే ఆవిడ చేతిలోంచి గంట పోయిందని చెప్పాను. నేను కూడా ఆ మాటలే అంటానని, ఇన్నేళ్ళూ అంటూనే ఉన్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. జాన్‌బాబు ముఖం ఎర్రబడింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

గుమ్మం దగ్గర నుంచి పెద్దగా వినపడింది. "ఏంటంటన్నాడే? నాకేం వినపడట్లేదు."

"అన్నా," అన్నాడు జాన్‌బాబు నెమ్మదిగా, "దగ్గరికెళ్ళి చెప్పండి."

మైకు అతని చేతికిచ్చాను. పిల్లల మధ్యలోంచి నడిచాను. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి, రాట్నాన్ని చూసినట్టే. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల ఎత్తి, మందిరమంతా వినేలా చెప్పాను.

"అత్తయ్యా, నేను విన్నానండీ. ప్రతి పేటకీ ముందు మీరు 'ప్రభువా' అని పిలిచేవారు. ఆ రోజు అడిగితే చెప్పలేదు. నన్ను క్షమించండి. నేనున్నానండీ. రాట్నం దగ్గరే ఉన్నాను."